ఉద్యోగ భద్రత - ఉపాధ్యాయ వేతనం: పెద్ద కొడప్‌గల్ నుండి ఒక విమర్శనాత్మక పరిశీలన

వ్యాస సంగ్రహం

ఉపాధ్యాయ ఉద్యోగ భద్రతకూ వేతనానికీ మధ్యగల సంబంధాన్ని ఆర్థికశాస్త్రం ఒక బేరంగా వివరిస్తుంది. భద్రత ఉన్నచోట వేతనం కొంత తగ్గుతుందని, భద్రత లేనిచోట దానికి పరిహారంగా వేతనం పెరుగుతుందని ఆ శాస్త్రం చెబుతుంది. తెలుగు ప్రాంతాల పాఠశాలల్లో నాలుగు దశాబ్దాలుగా జరిగినది దీనికి పూర్తిగా విరుద్ధం. 398 రూపాయల స్పెషల్ టీచరు మొదలుకొని 12,000 రూపాయల విద్యా వాలంటీరు వరకు భద్రత లేనివారికే వేతనమూ తక్కువ. ఈ వైపరీత్యానికి కారణాలను అన్వేషించడం, ఈ విషయంపై వెలువడిన ప్రసిద్ధ పరిశోధనలను, న్యాయస్థానాల తీర్పులను విమర్శనాత్మకంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. కామారెడ్డి జిల్లా బాన్సువాడ రెవెన్యూ డివిజన్‌లోని పెద్ద కొడప్‌గల్ వంటి సరిహద్దు మండలాన్ని ఇందుకు దృష్టికేంద్రంగా స్వీకరించడమైనది.

కీలకపదాలు: ఉద్యోగ భద్రత, వేతన సవరణ, విద్యా వాలంటీరు, స్పెషల్ టీచరు, కాంట్రాక్టు, క్రమబద్ధీకరణ, పెద్ద కొడప్‌గల్.

1. ప్రవేశిక

పెద్ద కొడప్‌గల్ 2016 అక్టోబరులో జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణలో మండల కేంద్రమైంది. అంతకుముందు అది నిజామాబాద్ జిల్లా పిట్లం మండలంలో ఒక గ్రామం. ఒకవైపు కర్ణాటక, మరొకవైపు మహారాష్ట్ర సమీపంలో ఉన్న ఈ ప్రాంతంలో తెలుగుతోపాటు కన్నడం, మరాఠీ, ఉర్దూ వినిపిస్తాయి. తండాలలో పిల్లల ఇంటి భాష లంబాడీ. రాజధానికి దూరంగా, రెండు రాష్ట్రాల అంచున ఉన్న ఇటువంటి మండలంలో ‘బడికి సారు ఉన్నాడా?’ అన్న ప్రశ్న తరువాత వచ్చే రెండవ ప్రశ్న ‘పర్మినెంటు సారా, వాలంటీరా?’ అన్నదే. తల్లిదండ్రులు అడిగే ఈ చిన్న ప్రశ్నలో ఉద్యోగ భద్రత, వేతనం, సామాజిక గౌరవం మూడూ ఇమిడి ఉన్నాయి.

ఆంగ్లంలో ‘టెన్యూర్’ అనే మాటకు తెలుగులో ఒకే సమానార్థకం లేదు. పదవీకాలం, ఒకచోట పనిచేసే కాలపరిమితి, కారణం చూపకుండా తొలగించరాదన్న హామీ - ఈ మూడింటికీ ఆ మాట వర్తిస్తుంది. అమెరికాలో 1909లో న్యూజెర్సీ రాష్ట్రం చేసిన చట్టంతో మూడవ అర్థం పాఠశాల ఉపాధ్యాయులకు స్థిరపడింది. మన వ్యవస్థలో ఈ మూడు అర్థాలూ వేర్వేరు నిబంధనలుగా పనిచేస్తాయి. అందువల్ల ‘భద్రత వేతనాన్ని ఎలా ప్రభావితం చేస్తుంది?’ అన్న ప్రశ్నను మన నేలమీద అడిగేటప్పుడు ఏ భద్రత, ఎవరి వేతనం అని ముందుగా విడదీసి చూడటం అవసరం.

2. సిద్ధాంతం చెప్పినది, బడిలో జరిగినది

1776లో వెలువడిన తన గ్రంథంలో ఆడమ్ స్మిత్ వేతనాలలో తేడాలకు ఐదు కారణాలను పేర్కొన్నాడు. పని నిలకడగా దొరకడం, దొరకకపోవడం వాటిలో ఒకటి. ఇల్లు కట్టే మేస్త్రికి మంచు కురిసే రోజుల్లో పని ఉండదు కనుక, పని ఉన్న రోజుల కూలి ఖాళీ రోజులను కూడా పోషించాలని ఆయన వాదం. మన తాపీ మేస్త్రి రోజుకూలి విషయంలో ఈ తర్కం కొంతవరకు నిజమే. ఇదే తర్కాన్ని బడికి అన్వయిస్తే, ఏప్రిల్‌లో ఒప్పందం ముగిసి జూన్‌లో మళ్లీ పిలుపు కోసం ఎదురుచూసే విద్యా వాలంటీరుకు నెలవారీ వేతనం రెగ్యులర్ ఉపాధ్యాయునికన్నా ఎక్కువ ఉండాలి.

వాస్తవాన్ని అంకెలలో చూద్దాం. తెలంగాణలో విద్యా వాలంటీరు గౌరవవేతనం 8,000 నుండి 12,000 రూపాయలకు పెరిగింది. ఆ కాలంలో అమలులో ఉన్న 2015 వేతన సవరణ ప్రకారం సెకండరీ గ్రేడు ఉపాధ్యాయుని మూలవేతనం 21,230 రూపాయలతో మొదలయ్యేది. పది పనినెలలకు వాలంటీరు పొందేది 1,20,000 రూపాయలు. రెగ్యులర్ ఉపాధ్యాయుని పన్నెండు నెలల ప్రారంభ మూలవేతనమే 2,54,760 రూపాయలు. కరువు భత్యం, ఇంటి అద్దె భత్యం, పింఛను వాటా ఇందులో చేరలేదు. అంటే భత్యాలను పక్కన పెట్టినా వాలంటీరుకు అందినది సగం కాదు. 2020లో కోవిడ్ వల్ల బడులు మూతపడినప్పుడు ఆ సగం కూడా ఆగిపోయింది. ఆ తరువాత వారిని కొనసాగించలేదు.

సిద్ధాంతం ఎందుకు తలకిందులైంది? ఇందుకు మూడు కారణాలను గుర్తించవచ్చు. మొదటిది, ఇక్కడ ఒకే యజమాని రెండు ద్వారాలు తెరిచాడు. ఒక ద్వారం వద్ద వేతనాన్ని వేతన సవరణ సంఘం, ఉపాధ్యాయ సంఘాల సంప్రదింపులు నిర్ణయిస్తాయి. రెండవ ద్వారం వద్ద బడ్జెటులో మిగిలినది నిర్ణయిస్తుంది. రెండవది, తాత్కాలిక కొలువును అభ్యర్థులు కొలువుగా కాక శాశ్వత కొలువుకు వేచి ఉండే వరుసగా భావిస్తారు. వరుసలో నిలబడటానికి తక్కువ కూలికైనా ఒప్పుకుంటారు. డీఎస్సీ ప్రకటనల మధ్య విరామం పెరిగిన కొద్దీ వరుస పొడుగవుతుంది, కూలి తగ్గుతుంది. 2017లో 8,792 పోస్టులకు, ఆ తరువాత 2024లో 11,062 పోస్టులకు ప్రకటనలు వెలువడ్డాయి. ఈ రెంటి మధ్య గడిచిన ఏడేళ్లను డి.ఎడ్., బి.ఎడ్. పూర్తిచేసిన ఒక తరం వరుసలోనే గడిపింది. మూడవది, ఊరు దాటి వెళ్లలేని చదువుకున్న స్త్రీలకు అదే ఊరి బడి ఒక్కటే అవకాశం. బేరమాడే శక్తి లేనివారి సేవకు బజారు న్యాయమైన ధర కట్టదు.

కాబట్టి భద్రత లేని కొలువుకు వేతనం తక్కువగా ఉండటానికి కారణం ఆ పని విలువ తక్కువ కావడం కాదు. పక్కనే భద్రమైన కొలువు ఉండి, అది కొద్దిమందికే దక్కడం. ఈ అంశాన్ని విస్మరించిన విశ్లేషణ అసంపూర్ణమవుతుంది.

3. 398 రూపాయల పాఠం

ఈ వైపరీత్యం కొత్తది కాదు. 1980వ దశకంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎంపికైన స్పెషల్ టీచర్లను నెలకు 398 రూపాయల స్థిరవేతనంపై నియమించారు. కొంతకాలం తరువాత వారు సాధారణ స్కేలులోకి వచ్చారు. తరువాతి దశాబ్దాలలో నడచిన అప్రెంటిస్ విధానమూ ఇదే నమూనా. ముందు తక్కువ వేతనం, పిదప భద్రత, పూర్తి స్కేలు.

కాగితం మీద ఇది ఆదర్శవంతమైన ప్రొబేషన్‌గా కనిపిస్తుంది. కొత్త ఉపాధ్యాయుని పరిశీలించి, పనితీరు నచ్చితే స్థిరపరచడం అన్నది ఏ దేశంలోనైనా భద్రతా విధానానికి మూలసూత్రం. కానీ మన అప్రెంటిస్ కాలంలో బోధనను పరిశీలించి మదింపు చేసే వ్యవస్థ బలంగా ఏర్పడలేదు. కాలం గడిస్తే స్కేలు వచ్చింది. అందువల్ల ఆ కాలం పరీక్షాకాలం కాలేదు, చవకకాలంగా మిగిలింది. స్పెషల్ టీచరు సర్వీసును లెక్కించి నోషనల్ ఇంక్రిమెంట్లు ఇవ్వాలన్న కోరిక దశాబ్దాలపాటు సంఘాల వినతిపత్రాలలో కొనసాగింది. ఆరంభంలో కోల్పోయిన వేతనం ఆరంభంతోనే ముగియదు. ప్రతి ఇంక్రిమెంటులో, ప్రతి వేతన స్థిరీకరణలో, చివరకు పింఛనులో అది ప్రతిఫలిస్తుంది.

పింఛను విషయంలో మరొక సరిహద్దు గీత ఉంది. 2004 సెప్టెంబరు 1 నుండి నియమితులైనవారికి కంట్రిబ్యూటరీ పింఛను పథకం వర్తించింది. 2003 డీఎస్సీ ప్రకటన అంతకుముందే వెలువడినా నియామకాలు ఆలస్యమైనందువల్ల ఆ బ్యాచి కొత్త పథకంలో పడింది. పరీక్ష రాసినవారి తప్పిదం లేకుండా, కేవలం నియామకపు తేదీ వల్ల జీవితకాల వేతనంలో ఇంత భేదం ఏర్పడింది. భద్రత ‘ఉందా, లేదా’ అన్నదే కాక ‘ఎప్పటినుండి’ అన్నది కూడా వేతన ప్రశ్నేనని ఈ ఉదాహరణ నిరూపిస్తుంది.

4. ఆంధ్రప్రదేశ్ ప్రయోగాలు - వాటి పఠనం

ఈ విషయంపై ప్రపంచంలో విస్తృతంగా ఉదహరించే పరిశోధనలలో కొన్ని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ పాఠశాలల్లోనే జరిగాయి. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ 2005లో ప్రారంభించిన ఈ ప్రయోగాలు కోస్తా, రాయలసీమ, తెలంగాణ ప్రాంతాలకు చెందిన ఐదు జిల్లాలలో 500 పాఠశాలలను ఎంచుకున్నాయి. నూరేసి బడులు గల ఐదు సమూహాలలో రెండింటికి ఫలితాల ఆధారిత బోనసు, ఒకదానికి అదనపు కాంట్రాక్టు ఉపాధ్యాయుడు, ఒకదానికి నిధులు ఇచ్చి, మిగిలినదానిని యథాతథంగా ఉంచారు.

ఫలితాలు ఆసక్తికరమైనవి. వార్షిక వేతనంలో సగటున 3 శాతం మాత్రమే ఉన్న బోనసు వల్ల రెండేళ్లలో గణితంలో 0.27, భాషలో 0.17 ప్రామాణిక విచలనాల మేరకు పిల్లల ఫలితాలు మెరుగయ్యాయి. అదనపు కాంట్రాక్టు ఉపాధ్యాయుడున్న బడులలో ఆ మెరుగుదల వరుసగా 0.16, 0.15. రెగ్యులర్ ఉపాధ్యాయుని వేతనంలో సుమారు ఐదోవంతు పొందుతున్న కాంట్రాక్టు ఉపాధ్యాయుల గైర్హాజరు 18 శాతం కాగా రెగ్యులర్ ఉపాధ్యాయులది 27 శాతం.

ఈ అంకెలను తోసిపుచ్చడం ఉపాధ్యాయ పక్షపాతమవుతుందే తప్ప విమర్శ కాదు. నలుగురిలో ఒకరికి మించి బడిలో లేకపోవడం పిల్లల హక్కుకు భంగం. భద్రతను సమర్థించేవారు ఈ వాస్తవానికి జవాబు చెప్పవలసిందే. అయితే ఈ అంకెల నుండి ‘భద్రత తొలగిస్తే తక్కువ వేతనానికే మంచి చదువు వస్తుంది’ అన్న నిర్ణయానికి రావడంలో మూడు లోపాలున్నాయి.

మొదటిది, ప్రయోగంలో కాంట్రాక్టు ఉపాధ్యాయుడు రెగ్యులర్ ఉపాధ్యాయుని స్థానంలో రాలేదు, అదనంగా వచ్చాడు. ఒకే బడిలో ఒక మనిషి పెరిగితే తరగతి భారం తగ్గుతుంది. ఆ లాభాన్ని అభద్రతకు ఆపాదించలేము. రెండవది, కాంట్రాక్టు ఉపాధ్యాయుని శ్రద్ధకు మూలం భయమా, ఆశా అన్నది తేలలేదు. రేపటి రెగ్యులర్ పోస్టుపై ఆశతో శ్రమించేవారి ఎదుట ఆ పోస్టునే రద్దుచేస్తే శ్రమకు ఆధారం పోతుంది. మురళీధరన్ స్వయంగా ప్రతిపాదించినది కూడా కాంట్రాక్టుతో మొదలై పనితీరును బట్టి శాశ్వత స్థానానికి చేరే మెట్ల మార్గమే. విధాన నిర్ణేతలు మొదటి మెట్టును మాత్రమే స్వీకరించి మిగిలిన మెట్లను వదిలివేశారు. మూడవది, విస్తరణ సమస్య. కెన్యాలో స్వచ్ఛంద సంస్థ నిర్వహణలో ఫలితమిచ్చిన కాంట్రాక్టు ఉపాధ్యాయ పథకం ప్రభుత్వం చేతికి వెళ్లినప్పుడు ఫలితమివ్వలేదని టెస్సా బోల్డ్, ఆమె సహపరిశోధకులు 2018లో ప్రకటించిన అధ్యయనం తేల్చింది. వేతనం ఆలస్యమై, పర్యవేక్షణ లోపించినచోట అభద్రత ఒక్కటే బోధనను మెరుగుపరచదు.

దీనికి మరొక పార్శ్వం కూడా ఉంది. ఇండోనేషియాలో ధ్రువీకరణ పొందిన ఉపాధ్యాయుల మూలవేతనాన్ని రెట్టింపు చేసినా పిల్లల అభ్యసనంలో మార్పు రాలేదని 2018లో వెలువడిన మరో అధ్యయనం చెప్పింది. వేతనం పెంచినంత మాత్రాన చదువు పెరగదన్నది అంగీకరించవలసిన సత్యం. కానీ ఒకే పనికి ఒకే వేతనం అన్నది అభ్యసన ఫలితాల ప్రశ్న కాదు, న్యాయానికి సంబంధించిన ప్రశ్న. ఈ రెండింటినీ కలగాపులగం చేయడమే ఈ చర్చలో తరచూ జరుగుతున్న పొరపాటు.

5. న్యాయస్థానాల ముందు భద్రత, వేతనం

సర్వోన్నత న్యాయస్థానం ఈ రెండు అంశాలను వేర్వేరు దారులలో నడిపించింది. 2006 నాటి ఉమాదేవి తీర్పు తాత్కాలిక ఉద్యోగులకు క్రమబద్ధీకరణ హక్కు లేదని ప్రకటించింది. 2016 నాటి జగ్‌జీత్ సింగ్ తీర్పు అదే పని చేసే తాత్కాలిక ఉద్యోగికి స్కేలులో కనీస వేతనం ఇవ్వాలన్నది. రెంటినీ కలిపి చదివితే ‘భద్రత ఇవ్వకపోవచ్చు, వేతనం తగ్గించరాదు’ అన్న సూత్రం ఏర్పడుతుంది. కానీ 2019లో బీహార్ నియోజిత ఉపాధ్యాయుల కేసులో, పాత క్యాడరు క్రమంగా అంతరించేదని, కొత్తది వేరని చెబుతూ సమాన వేతన వాదనను న్యాయస్థానం తిరస్కరించింది. పేరు మార్చి కొత్త క్యాడరు సృష్టిస్తే సమాన పని కూడా అసమానమవుతుందన్న మార్గం దీనితో తెరుచుకుంది. విద్యా వాలంటీరు, కాంట్రాక్టు రెసిడెన్షియల్ టీచరు, అతిథి అధ్యాపకుడు వంటి పేర్ల బాహుళ్యాన్ని ఈ వెలుగులో చూడాలి. ‘గౌరవవేతనం’ అన్న మాటలో గౌరవం తొలి సగంలోనే ఆగిపోతుంది.

విద్యాహక్కు చట్టం కింద 2010లో రూపొందిన కేంద్ర నిబంధనలలో 20వ నిబంధన ఉపాధ్యాయుల వేతనం, సేవా షరతులు ‘వృత్తిపరమైన, శాశ్వతమైన’ క్యాడరును నిర్మించే ఉద్దేశంతో ఉండాలని పేర్కొంటున్నది. ఆ స్ఫూర్తికి, ఏడాదికొకసారి ముగిసే ఒప్పందాలకు పొంతన కుదరదు.

తెలంగాణలో కళాశాల అధ్యాపకులకు ఈ చర్చ మరింత సన్నిహితమైనది. 2016లో జారీ అయిన 16వ నంబరు ఉత్తర్వు ఆధారంగా 2023 ఏప్రిల్ 30న 5,544 మంది కాంట్రాక్టు ఉద్యోగులు క్రమబద్ధీకరణ పొందారు. వారిలో అధ్యాపకులు అధికం. 2024 నవంబరులో రాష్ట్ర ఉన్నత న్యాయస్థానం దానికి ఆధారమైన 10-ఎ సెక్షనును కొట్టివేస్తూ, అప్పటికే క్రమబద్ధీకరణ పొందినవారిని కదిలించలేదు. గీతకు ఇవతల ఉన్నవారికి జీవితకాల భద్రత, అవతల ఉన్నవారికి మళ్లీ వరుస. 2024 డిసెంబరులో సమగ్ర శిక్ష ఉద్యోగులు క్రమబద్ధీకరణ కోరుతూ చేసిన సమ్మెకు నేపథ్యం ఇదే.

శాశ్వత ఉపాధ్యాయుని భద్రత కూడా అచంచలం కాదు. 2025 సెప్టెంబరు 1న సర్వోన్నత న్యాయస్థానం ఐదేళ్లకు మించి సర్వీసు మిగిలిన ఉపాధ్యాయులు రెండేళ్లలో టెట్ ఉత్తీర్ణులు కావాలని ఆదేశించింది. భద్రతకు కొత్త షరతు చేరింది, వేతన నిర్మాణం మాత్రం మారలేదు.

6. స్థలానికి కట్టిన వెల

‘టెన్యూర్’ రెండవ అర్థానికి, అంటే ఒకచోట పనిచేసే కాలానికి వస్తే, పెద్ద కొడప్‌గల్ ప్రత్యేకత బయటపడుతుంది. 2020 వేతన సవరణ ప్రకారం సెకండరీ గ్రేడు ఉపాధ్యాయుని స్కేలు 31,040 నుండి 92,050 వరకు. ఇంటి అద్దె భత్యం హైదరాబాదులో 24 శాతం, గ్రామీణ ప్రాంతంలో 11 శాతం. ప్రారంభ మూలవేతనంపై లెక్కిస్తే నగరంలో 7,449 రూపాయలు, గ్రామంలో 3,414 రూపాయలు. అదే అర్హత, అదే స్కేలు గల ఉపాధ్యాయునికి నెలకు 4,035 రూపాయల తేడా. నగరంలో అద్దె ఎక్కువ అన్నది నిజమే. అయితే బాన్సువాడలోనో నిజామాబాద్‌లోనో కుటుంబాన్ని ఉంచి సరిహద్దు తండాకు రోజూ ప్రయాణించే ఉపాధ్యాయుని ఖర్చు ఈ లెక్కలో లేదు. 

మారుమూల సేవకు ప్రభుత్వం ఇచ్చే ప్రతిఫలం డబ్బు రూపంలో కాక బదిలీ పాయింట్ల రూపంలో ఉంది. అంటే అక్కడ పనిచేసినందుకు లభించే బహుమతి అక్కడినుండి వెళ్లిపోయే అవకాశం. ఒకే బడిలో ఎనిమిదేళ్లు నిండితే బదిలీ తప్పనిసరి. ఇంకోవైపు 6, 12, 18, 24 ఏళ్లకు లభించే ఆటోమేటిక్ అడ్వాన్స్‌మెంటు స్కేళ్లు సర్వీసు మొత్తాన్ని లెక్కిస్తాయి కాని, ఆ సర్వీసు ఎక్కడ చేశారన్నది పట్టించుకోవు. వ్యక్తికి భద్రత ఉంది, బడికి లేదు. ఖాళీ అయిన కుర్చీలో స్థానిక వాలంటీరు కూర్చునేది. పిల్లల లంబాడీనో మరాఠీనో అర్థం చేసుకోగలిగిన ఆ మనిషి భాషాజ్ఞానానికి ఏ వేతన పట్టికలోనూ గడి లేదు.

7. ప్రైవేటు బడి: భద్రత, వేతనం రెండూ లేని చోటు

ప్రైవేటు ఉపాధ్యాయునికి చట్టంలో భద్రత లేదనడం సరికాదు. 1982 విద్యాచట్టంలోని 79వ సెక్షను ప్రైవేటు సంస్థలలో తొలగింపుపై నియంత్రణ విధించింది. 1994 జనవరి 1 నాటి 1వ నంబరు ఉత్తర్వు వసూలైన ఫీజులో 50 శాతం సిబ్బంది వేతనాలకు వెచ్చించాలని నిర్దేశించింది. నియామకపత్రమే లేనిచోట తొలగింపును సవాలు చేయడం, ఖాతా పుస్తకాలు బహిరంగం కానిచోట 50 శాతాన్ని నిరూపించడం సాధ్యం కాదు. 2021 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం ప్రైవేటు ఉపాధ్యాయులకు నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ప్రకటించవలసి వచ్చింది. ఒక వృత్తి మొత్తం బియ్యం సాయానికి చేరుకున్న ఆ సందర్భం, భద్రత లేని వేతనం ఎంత పెళుసైనదో చూపించింది.

వేతనాన్ని పూర్తిగా యాజమాన్య విచక్షణకు వదిలితే ఏమవుతుందో విస్కాన్సిన్ అనుభవం చెబుతుంది. అక్కడ 2011లో ఉపాధ్యాయ సంఘాల బేరసార హక్కును కుదించిన తరువాత, వేతనాన్ని సరళీకరించిన జిల్లాలకు సమర్థులైన ఉపాధ్యాయులు తరలివెళ్లారని బార్బరా బియాసి తేల్చింది. ఆమే హెదర్ సార్సన్స్‌తో కలిసి చేసిన మరో అధ్యయనంలో, ఆ సరళీకరణ వల్ల యువ ఉపాధ్యాయులలో స్త్రీ పురుషుల వేతన వ్యత్యాసం ఏర్పడిందని వెల్లడైంది. సామర్థ్యానికి తెరిచిన తలుపులోనుండి వివక్ష కూడా ప్రవేశించింది. స్త్రీలు అధికంగా పనిచేసే మన ప్రైవేటు బడులకు ఈ హెచ్చరిక మరింత వర్తిస్తుంది.

8. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి. మన పాఠశాలల్లో ఉద్యోగ భద్రత వేతనానికి ప్రత్యామ్నాయంగా పనిచేయలేదు. భద్రత ఉన్నచోటికే వేతనం చేరింది, లేనిచోట రెండూ కొరవడ్డాయి. తాత్కాలిక నియామకం పరీక్షాకాలంగా కాక పొదుపు మార్గంగా మారింది. శాశ్వత నియామకంలో మదింపు బలహీనంగా మిగిలింది. ఈ రెండు లోపాలూ ఒకదానిని చూపి మరొకదానిని సమర్థించుకుంటున్నాయి.

పరిష్కారానికి భద్రత, కనీస వేతనం, జవాబుదారీతనం అనే మూడింటిని విడదీసి ఆలోచించాలి. తాత్కాలిక ఉపాధ్యాయునికి స్కేలులో కనీస వేతనం పన్నెండు నెలలకూ అందాలి. అలా అందితే తాత్కాలిక నియామకం చవక కాదు కనుక, ప్రభుత్వానికి ఖాళీలను ఏళ్లతరబడి వాయిదా వేయాలన్న ప్రలోభం తగ్గుతుంది. ప్రొబేషన్‌కు గడువు, తరగతి గదిలో నిజమైన పరిశీలన రెండూ ఉండాలి. మారుమూల సేవకు పాయింట్లతోపాటు నగదు భత్యం, స్థానిక భాషాజ్ఞానానికి గుర్తింపు కావాలి.

పరిశోధకులకు ఇక్కడ చేయవలసిన పని మిగిలి ఉంది. ఒక మండలంలోని బడులన్నింటిలో పదేళ్ల బదిలీలను, ఖాళీలను, తాత్కాలిక నియామకాలను, చెల్లించిన వేతనాలను పక్కపక్కన పెట్టి చూసే అధ్యయనం రాష్ట్ర సగటుల వెనుక దాగిన చిత్రాన్ని బయటపెడుతుంది. పెద్ద కొడప్‌గల్ వంటి మండలం అందుకు తగిన క్షేత్రం. అతిథి అధ్యాపకులుగా గంటల లెక్కన పనిచేస్తూ పరిశోధన సాగిస్తున్నవారికి ఇది దూరపు విషయం కూడా కాదు. ‘పర్మినెంటు సారా, వాలంటీరా?’ అని తల్లిదండ్రులు అడగవలసిన అవసరం లేని రోజున, అంటే ఆ రెండు మాటల మధ్య వేతనంలోను, గౌరవంలోను అగాధం పూడిన రోజున, మన భద్రతా విధానం బడికోసం ఏర్పడిందని చెప్పుకోవచ్చు.